ఎలుకల ల్యాబా, గబ్బిలాల ల్యాబా?

ప్రశ్న: నాకు 29 ఏళ్లు. మాది తెనాలి దగ్గర పల్లెటూరు. స్పీచ్ సిగ్నల్ ప్రాసెసింగ్‌లో పీహెచ్‌డీ థీసిస్ సమర్పించాను, వైవా మిగిలింది. మనిషి మాటను కంప్యూటర్ చేత గుర్తుపట్టించే పని చేస్తూ చేస్తూ, అసలు మెదడు ఈ పని ఎలా చేస్తుందన్న వైపు మనసు మళ్లింది. పోస్ట్‌డాక్‌కు, అంటే పీహెచ్‌డీ తర్వాత చేసే తాత్కాలిక పరిశోధన ఉద్యోగానికి, రెండు చోట్ల నుంచి పిలుపు వచ్చింది. ఒకటి అమెరికాలో పేరున్న ల్యాబ్. ఇరవై మందికి పైగా ఉన్నారు, ఎలుకల మెదడులో శ్రవణ కార్టెక్స్ (మెదడు పైపొరలో వినికిడి చూసుకునే ప్రాంతం) మీద పని. రెండోది జర్మనీలో ఆరుగురున్న చిన్న ల్యాబ్, గబ్బిలాల మీద పని. తోటివాళ్లంతా కళ్లు మూసుకుని అమెరికా వెళ్లమంటున్నారు. నేను ఇంతవరకు ఏ జంతువు మీదా ప్రయోగం చేయలేదు. ఇంట్లో అందరం శాకాహారులం. ప్రయోగం చివర జంతువును చంపాల్సి ఉంటుందని తెలిసినప్పటి నుంచి సరిగా నిద్ర పట్టడం లేదు. నాన్న మాత్రం "గబ్బిలానికి ఏం వినిపిస్తుందో కనిపెడితే ఎవరికి లాభం?" అంటున్నారు. తిరిగి వస్తే ఇక్కడ ఉద్యోగం దొరుకుతుందా? అమ్మ ప్రశ్న మీరు ఊహించగలరు: పెళ్లెప్పుడని. ఏం చేయమంటారు? పేరు వేయకండి.

జవాబు: రెండూ మంచి అవకాశాలే, మనసు ఎటు లాగితే అటు వెళ్లండి అని రాసి చేతులు దులుపుకోవచ్చు. కానీ మీరు అడిగింది అది కాదు కదా. నా మొగ్గు జర్మనీ వైపు. కారణం గబ్బిలం కాదు, మీ చదువు. మీరు ఇంజినీరింగ్ వైపు నుంచి వస్తున్నారు. ఈ రంగంలో మీ బలం అదే, మీకు పొంచి ఉన్న ప్రమాదమూ అదే.

ఆ ప్రమాదం ఎలా వస్తుందో చెబుతాను. ఎలుకల మీద పనిచేసే పెద్ద ల్యాబుల్లో చాలావాటిలో ఇప్పుడు న్యూరోపిక్సెల్స్ అనే ఎలక్ట్రోడ్లు వాడుతున్నారు. 2017లో వచ్చాయి. వెంట్రుకంత సన్నని సిలికాన్ కడ్డీ మీద 960 చోట్ల మెదడు కణాల విద్యుత్తును పట్టుకునే బిందువులుంటాయి, ఒకేసారి 384 చోట్ల నుంచి రికార్డు చేయవచ్చు. ఒక్క పూట రికార్డింగ్‌తో డిస్కులు నిండిపోతాయి. ఆ గుట్టలోంచి ఏ స్పందన ఏ న్యూరాన్‌దో విడదీయడం, దానికి గణితం కట్టడం బయాలజీ నుంచి వచ్చినవాళ్లలో చాలామందికి కష్టం. మీకు చిటికెలో పని. మీరు చేరిన మొదటి వారంలోనే ఎవరో వచ్చి "ఈ కోడ్ కాస్త చూసిపెడతావా?" అంటారు. మర్యాదకు చూస్తారు. తర్వాత ఇంకొకరు వస్తారు. రెండేళ్లు తిరిగేసరికి నాలుగైదు పేపర్లలో మూడో పేరో నాలుగో పేరో మీది ఉంటుంది, మీ చేత్తో రికార్డు చేసిన న్యూరాన్ ఒక్కటీ ఉండదు. ఎవరూ మిమ్మల్ని మోసం చేయలేదు, అందరూ మంచివాళ్లే. కానీ ఫ్యాకల్టీ ఇంటర్వ్యూలో "మీ ల్యాబ్‌లో మొదటి ప్రయోగం ఏమిటి?" అని అడిగితే ఏం చెబుతారు? ఇంజినీరింగ్ నుంచి మెదడు వైపు వచ్చిన చాలామంది తెలివైన పిల్లలు ఇక్కడే ఆగిపోవడం చూశాను.

ఆరుగురున్న ల్యాబ్‌లో కోడ్ దగ్గరే ఉండిపోయే వెసులుబాటు ఉండదు. స్పీకర్లు మీరే కాలిబ్రేట్ చేయాలి, గబ్బిలానికి మీరే శిక్షణ ఇవ్వాలి, సర్జరీ మీరే నేర్చుకోవాలి, రికార్డింగ్ పాడైతే మీరే తల పట్టుకోవాలి. నాలుగేళ్ల తర్వాత మీ చేతిలో ఒక పూర్తి ప్రయోగం ఉంటుంది. అమెరికా ప్రొఫెసర్ కూడా "సర్జరీ నుంచి పేపర్ దాకా నీ ప్రాజెక్టు నీదే, రికార్డింగ్ సెటప్‌లో నీకు వారానికి ఇన్ని రోజులు" అని ఈమెయిల్‌లో రాసి ఇస్తే నా సలహా మార్చుకుంటాను. అడిగి చూడండి. మాటల్లో అందరూ సరేనంటారు, రాతలో ఏం వస్తుందో చూడాలి.

ఇక జంతువు సంగతి. మీ ఉత్తరం చదివితే, ఎలుకా గబ్బిలమా అన్నది మీకు చివర్లో చూసుకునే చిన్న విషయంలా కనిపిస్తోందని అనిపించింది. ఈ రంగంలో జంతువును ఎంచుకోవడమంటే ప్రశ్నను ఎంచుకోవడమే. డెన్మార్క్ శాస్త్రవేత్త ఆగస్ట్ క్రో 1929లోనే ఈ మాట అన్నాడు: చాలా సమస్యలకు వాటిని చదవడానికి అన్నిటికన్నా వీలైన జంతువు ఒకటి ఉంటుందని. శబ్దం విషయంలో దీనికి గుడ్లగూబను మించిన ఉదాహరణ లేదు.

శబ్దం ఏ దిక్కు నుంచి వచ్చిందో చెవికి నేరుగా తెలియదు. కంటి రెటీనా మీద ఎదుటి దృశ్యం పటంలా పడుతుంది. చెవిలోని కాక్లియాకు దక్కేది ఏ ఫ్రీక్వెన్సీ ఎంత ఉందన్న సమాచారమే. దిక్కును మెదడు లెక్కకట్టుకోవాలి. కుడివైపు శబ్దం కుడి చెవికి ముందు చేరుతుంది, ఎడమ చెవికి ఆలస్యంగా. మనిషి తలకైతే ఆ తేడా ఎంత ఎక్కువైనా మిల్లీసెకనులో మూడింట రెండొంతులకు మించదు. ఒక్కో న్యూరాన్ స్పందన దానికన్నా ఎక్కువసేపు ఉంటుంది, మరి ఇంత చిన్న తేడాను ఎలా కొలుస్తుంది? 1948లో లాయిడ్ జెఫ్రెస్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త కాగితం మీద ఒక ఊహ గీశాడు. రెండు చెవుల నుంచి వచ్చే నరాలు వేర్వేరు పొడవుల్లో ఉంటే, కాలం తేడా పొడవు తేడాతో సరిపడిన చోట రెండు సంకేతాలూ ఒకేసారి చేరతాయి, అక్కడి న్యూరాన్ మాత్రమే గట్టిగా స్పందిస్తుంది. అంటే ఏ న్యూరాన్ మోగిందన్నదే దిక్కు. రెండు సంకేతాలను జరుపుతూ ఎక్కడ కలుస్తాయో చూసే లెక్కను మీరు క్రాస్ కోరిలేషన్ అంటారు కదా, అది ఇదే.

నలభై ఏళ్ల దాకా అది ఊహే. కాల్టెక్‌లో మసకాజు కొనిషి, ఎరిక్ నడ్సెన్ కటిక చీకట్లో ఎలుకను పట్టగల గుడ్లగూబను తీసుకున్నారు. బార్న్ ఔల్ అంటారే, తెల్లటి హృదయాకారం ముఖం ఉన్నది, అది. 1978లో దాని మధ్య మెదడులో బయటి స్థలానికి ఒక పటం ఉందని చూపించారు: ఒక్కో న్యూరాన్ ఒక్కో దిక్కుకు. అడ్డంగా ఉన్న దిక్కును కాలం తేడాతోనూ, ఎత్తును రెండు చెవుల్లో శబ్ద తీవ్రత తేడాతోనూ లెక్కిస్తుంది. దాని చెవులు ఒకటి పైకి, ఒకటి కిందికి ఉండటం ఎందుకో అప్పుడు అర్థమైంది. 1990లో క్యాథరిన్ కార్, కొనిషి కలిసి ఆ ఆలస్యపు నరాలను మెదడు కాండంలో (మెదడు అడుగున వెన్నుపాముతో కలిసే భాగం) పట్టుకున్నారు. జెఫ్రెస్ గీసిన బొమ్మ దాదాపు అలాగే ఉంది.

అంతటితో కథ ముగిసిందని పాఠ్యపుస్తకాలు రాసుకున్నాయి. ఇంగ్లండ్‌లో గినీ పందుల మీద, జర్మనీలో జెర్బిల్ అనే ఎడారి ఎలుకల మీద పనిచేసినవాళ్లు 2001, 2002లలో తెచ్చిన ఫలితాలు దానికి ఎదురు తిరిగాయి. క్షీరదాల్లో ఆ వరుస పటం కనబడలేదు. న్యూరాన్‌ను అణిచే నిరోధక సంకేతాలు చాలా కచ్చితమైన సమయానికి వచ్చి న్యూరాన్ స్పందనను జరుపుతాయని, ఒక్కో న్యూరాన్ ఒక్కో దిక్కును చెప్పే బదులు కుడి ఎడమ సగాల మొత్తం స్పందనల తేడాలోంచి దిక్కు తేలుతుందని వాదించారు. ఆ గొడవ ఇప్పటికీ పూర్తిగా చల్లారలేదు. ఒకే లెక్కకు పక్షి ఒక దారి, క్షీరదం ఇంకో దారి పట్టాయన్నమాట. ఆర్మియా అనే ఈగ ఉంది, కీచురాళ్ల పాట విని వెతుక్కుంటూ వెళ్లి వాటి మీద తన పిల్లల్ని వదులుతుంది. దాని రెండు చెవుల మధ్య దూరం అర మిల్లీమీటరు. కాలం తేడా మైక్రోసెకను, ఒకటిన్నర మైక్రోసెకను. ఏ నరమూ దాన్ని కొలవలేదు. అది రెండు కర్ణభేరులనూ మధ్యలో ఒక వంతెనతో కలిపేసింది. లెక్క సగం మెదడు దాకా పోకుండానే, ఆ వంతెన ఊగుడులోనే అయిపోతుంది. దాన్ని చూసి వినికిడి యంత్రాలకు చిన్న మైక్రోఫోన్లు తయారు చేసే ప్రయత్నాలు జరిగాయి.

ఇదంతా ఎందుకు చెప్పానంటే, మీ ప్రశ్న ఏమిటో మీ ఉత్తరంలో ఎక్కడా లేదు. "మెదడు ఈ పని ఎలా చేస్తుంది" అన్నది రంగం పేరు, ప్రశ్న కాదు. రణగొణ ధ్వనిలో ఒక గొంతును ఎలా పట్టుకుంటుంది? తాను చేసిన చప్పుడును బయటి చప్పుడు నుంచి ఎలా వేరు చేస్తుంది? ముందు విన్నదాన్ని బట్టి తర్వాతిదాన్ని ఎలా ఊహిస్తుంది? వీటిలో ఏది మీదో తేల్చుకోండి. జంతువు సంగతి సగం దానంతట అదే తేలుతుంది.

ఎలుకను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. ఏ రకం న్యూరాన్‌ను కావాలంటే దాన్ని వెలుతురుతో నొక్కి ఆపగలం, వేలకొద్దీ కణాలు మిణుకుమంటుంటే మైక్రోస్కోపులో చూడగలం. ఇంకే క్షీరదంలోనూ ఇంత సులువు కాదు. శ్రవణ కార్టెక్స్‌లో ఫ్రీక్వెన్సీలు వరుసగా సర్ది ఉంటాయని పాత ఎలక్ట్రోడ్లు చెప్పేవి. 2010లో రెండు బృందాలు బతికున్న మెదడులో ఒక్కో కణాన్నీ చూపే టూ ఫోటాన్ మైక్రోస్కోపుతో చూస్తే, దూరం నుంచి వరుసగానే ఉన్నా పక్కపక్కన ఉన్న కణాలు వేర్వేరు ఫ్రీక్వెన్సీలకు స్పందిస్తున్నాయని తేలింది. ఆ పేపర్లలో ఒకదానికి మొదటి రచయిత శర్బ బందోపాధ్యాయ్, తర్వాత ఐఐటీ ఖరగ్‌పూర్‌లో ల్యాబ్ పెట్టారు. ఎలుక కదులుతున్నప్పుడు మెదడులోని కదలిక ప్రాంతం నుంచి శ్రవణ ప్రాంతానికి "కాస్త తగ్గు" అనే సంకేతం వెళుతుందని 2014లో డ్యూక్ యూనివర్సిటీవాళ్లు చూపించారు. అదీ ఎలుకలోనే సాధ్యమైంది.

కానీ ఎలుక వినేది మన లోకం కాదు. సుమారు 1 కిలోహెర్ట్జ్ నుంచి 80, 90 దాకా వింటుంది. మన మాటలో ముఖ్యమైన భాగమంతా దాని వినికిడి అడుగున, అంచున ఉంటుంది. తల చిన్నది కాబట్టి కాలం తేడాతో దిక్కు పట్టడం దానికి పెద్దగా పనికిరాదు. ఇంకో మెలిక కూడా ఉంది. ప్రపంచంలో అన్నిటికన్నా ఎక్కువగా వాడే నల్ల ఎలుక జాతి, బ్లాక్ సిక్స్, పుట్టుకతో ఒక జన్యులోపం మోస్తుంది. కొన్ని నెలల వయసు నుంచే పై ఫ్రీక్వెన్సీలకు చెవుడు మొదలవుతుంది. వినికిడి మీద పనిచేసేవాళ్లు ఆ లోపం లేని సీబీఏ జాతితో సంకరం చేసి వాడుకుంటారు, లేదా చిన్న వయసులోనే ముగిస్తారు. అమెరికా ల్యాబ్‌తో మాట్లాడేటప్పుడు "ఏ జాతి, ఏ వయసు?" అని అడగండి. ఠక్కున జవాబు వస్తే మంచి ల్యాబ్. "ఏమో, పిల్లల్ని అడగాలి" అంటే మాత్రం ఆలోచించండి.

గబ్బిలం సంగతి వేరు. తాను అరిచి, ఆ అరుపు తిరిగొచ్చిన తీరును బట్టి లోకాన్ని కట్టుకునే జంతువు అది. గుడ్డి గబ్బిలం బాగానే ఎగురుతుందని, చెవులు మూస్తే మాత్రం గోడలకు కొట్టుకుంటుందని 1790లలోనే ఇటలీలో స్పల్లంజానీ, జెనీవాలో జురీన్ గమనించారు. ఎవరూ నమ్మలేదు, ఎందుకంటే గబ్బిలం అరుపు మనిషి చెవికి వినపడదు. 1938లో హార్వర్డ్ విద్యార్థి డొనాల్డ్ గ్రిఫిన్ గబ్బిలాలను ఒక ఫిజిక్స్ ప్రొఫెసర్ దగ్గరున్న అల్ట్రాసౌండ్ పరికరం ముందు పెట్టాక గానీ రుజువు దొరకలేదు. తర్వాత నొబువొ సుగ సెయింట్ లూయిస్‌లో మీసాల గబ్బిలం మెదడును దశాబ్దాల పాటు చదివాడు. మీటరు దూరంలో ఉన్న పురుగు నుంచి ప్రతిధ్వని దాదాపు 6 మిల్లీసెకన్లకు తిరిగొస్తుంది. సరిగ్గా ఆ ఆలస్యానికే స్పందించే న్యూరాన్లు ఉన్నాయని, అవి దూరం వరుసలో సర్ది ఉన్నాయని 1979లో చూపించాడు. ఆ గబ్బిలం అరుపులో 61 కిలోహెర్ట్జ్ చుట్టూ ఒక ముఖ్యమైన స్వరం ఉంటుంది. ప్రతిధ్వనిలో డాప్లర్ మార్పును (కదలిక వల్ల స్వరంలో వచ్చే తేడాను) పట్టడానికి కార్టెక్స్‌లో పెద్ద ముక్కంతా ఆ ఒక్క చిన్న పట్టీకే కేటాయించింది. తెలిసిన సంకేతాన్ని రణగొణలోంచి ఏరే మ్యాచ్డ్ ఫిల్టర్లు, స్వరం జారుతూ పోయే చర్ప్ సిగ్నళ్లు మీరు పుస్తకాల్లో చదివారు. ఇక్కడ ప్రాణంతో ఎగురుతూ కనిపిస్తాయి. మెదడు స్పందించాల్సిన శబ్దాన్ని జంతువే తయారు చేసుకుంటుంది కాబట్టి, అది ఏం తెలుసుకోవాలనుకుంటోందో దాని అరుపులోనే మీకు దొరుకుతుంది. స్పీచ్ నుంచి వచ్చినవాళ్లకు ఇంతకన్నా సరిపడే జంతువు నాకు తోచదు.

కష్టాలూ చెప్పాలి. గబ్బిలం ఆర్డరిస్తే పెట్టెలో రాదు. చాలా జాతుల్లో ఏడాదికి ఒకే పిల్ల. కాలనీ జబ్బు పడితే మీ ఏడాది పోయినట్టే. జన్యు పరికరాలు అరకొర. శిక్షణకు వారాలు, నెలలు పడుతుంది. రాత్రి జంతువు కాబట్టి దాని పగలు రాత్రి తిరగేసిన గదిలో ఎర్ర దీపం కింద పనిచేయాలి. చేరకముందే రేబిస్ టీకా వేయించుకోవాలి, వద్దన్నా వేస్తారు. నాలుగేళ్లకు ఒకటే పెద్ద పేపర్ రావచ్చు. అది ఎలుక పేపరంత మందికి కనపడకపోనూ వచ్చు.

జంతువును చంపడం గురించి రాశారు. దీన్ని పక్కకు నెట్టే ఉద్దేశం నాకు లేదు. "అలవాటైపోతుందిలే" అని మీకు చాలామంది చెబుతారు. నాకు ఆ మాట నచ్చదు. అలవాటు కానివాళ్లున్నారు, అలవాటు కాకపోవడం లోపం కాదు. జరిగేది జరిగినట్టు చెబుతాను. జంతువుకు పూర్తి మత్తు ఇచ్చి, పుర్రెలో చిన్న కిటికీ తెరిచి, ఎలక్ట్రోడ్ అమర్చి కుట్టేస్తారు. నొప్పి మందులిస్తారు. కోలుకున్నాక వారాలు, నెలలు రికార్డు చేస్తారు. చాలా ప్రయోగాల్లో చివర మళ్లీ గాఢమైన మత్తు ఇచ్చి, గుండె ద్వారా రసాయనం పంపి మెదడును భద్రపరుస్తారు, ఎలక్ట్రోడ్ సరిగ్గా ఎక్కడుందో చూడటానికి. ఆ చివరి పని ఇంకొకరి మీద వదిలేయడం కుదరదు. నా దృష్టిలో వదిలేయకూడదు కూడా.

దీనికి కట్టుబాట్లున్నాయి. జర్మనీ 2002లో జంతు రక్షణను రాజ్యాంగంలోకే ఎక్కించింది. ప్రతి ప్రయోగానికీ ప్రభుత్వ అనుమతి కావాలి, నెలలు పడుతుంది, ముందు శిక్షణ కోర్సు చేయాలి. అమెరికాలో ప్రయోగాలకని పెంచిన ఎలుకలు కేంద్ర జంతు సంక్షేమ చట్టం కిందికి రావు. అయితే ఎన్‌ఐహెచ్ (అక్కడి ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ) డబ్బు తీసుకునే ప్రతి సంస్థలో కమిటీ అనుమతి తప్పనిసరి. మన దగ్గరా సంస్థ స్థాయిలో ఎథిక్స్ కమిటీ, పైన కేంద్ర కమిటీ ఉన్నాయి. ఇవన్నీ జంతువును కాపాడతాయి. మీ మనసును మాత్రం మీరే చూసుకోవాలి. అందుకే సంతకం పెట్టకముందే మీరు చదివిన ఊళ్లోనో హైదరాబాద్‌లోనో న్యూరోసైన్స్ ల్యాబ్ ఉన్నవారిని బతిమాలి, అనుమతి తీసుకుని, ఒక సర్జరీ మొదటి నుంచి చివరి దాకా నిలబడి చూడండి. ఆ రాత్రి మీకు ఎలా ఉందో చూసుకోండి. చేయలేననిపిస్తే రంగం వదిలేయాల్సిన పనిలేదు. ఎగిరే గబ్బిలం అరుపులను మైక్రోఫోన్ల వరుసతో రికార్డు చేసి ప్రవర్తన చదివేవాళ్లున్నారు. మనుషుల మీద ఈఈజీతో, అంటే తలపై అంటించిన ఎలక్ట్రోడ్లతో, వినికిడి పని చేసేవాళ్లున్నారు. బెంగళూరు ఐఐఎస్‌సీలో రోహిణి బాలకృష్ణన్ బృందం కీచురాళ్ల పాటల మీద చేసిన పని చూడండి: ఒక జాతి చెట్టు కీచురాయి మగది ఆకుకు కన్నం కొరికి, అందులోంచి తల పెట్టి పాడి తన గొంతు పెంచుకుంటుంది. ఇంత అందమైన శబ్దశాస్త్రానికి ఏ పుర్రె తెరవనక్కర్లేదు.

మీ నాన్నగారిది మంచి ప్రశ్న. విసుక్కోకండి. పుట్టిన బిడ్డకు వినపడుతోందో లేదో చూడటానికి మన ఆస్పత్రుల్లో చేసే బెరా టెస్టు ఉంది కదా, తలకు చిన్న ఎలక్ట్రోడ్లు అంటించి, చెవిలో టిక్కు టిక్కుమనిపించి, మొదటి 10 మిల్లీసెకన్లలో మెదడు కాండం నుంచి వచ్చే అలలు చూస్తారు. మీరు ల్యాబ్‌లో ఎలుకకు గానీ గబ్బిలానికి గానీ మొదట చేసే పరీక్ష అదే. ఆ అలల్లో ఏది ఎక్కడ పుడుతుందో మనకు తెలిసింది ప్రధానంగా జంతువుల మీద చేసిన పని వల్లనే. నడ్సెన్ తర్వాత స్టాన్‌ఫర్డ్‌లో గుడ్లగూబలకు పట్టకాలు ఉన్న కళ్లద్దాలు పెట్టి చూశాడు. లోకం పక్కకు జరిగినట్టు కనిపించేసరికి పిల్ల గుడ్లగూబలు తమ వినికిడి పటాన్ని దానికి తగ్గట్టు జరుపుకున్నాయి. పెద్దవి అంతగా జరుపుకోలేకపోయాయి. పుట్టుచెవుడు ఉన్న పిల్లలకు కాక్లియర్ ఇంప్లాంట్ వీలైనంత చిన్న వయసులో వేయాలని డాక్టర్లు తొందరపెట్టడం వెనక, ఇలాంటి జంతు ప్రయోగాలు, చెవిటి పిల్లుల మీద చేసిన పని, పిల్లల్లో చూసిన ఫలితాలు అన్నీ ఉన్నాయి. ఆరోగ్యశ్రీ కింద ఆ ఆపరేషన్ చేయించుకున్న పిల్లలు మీ గుంటూరు జిల్లాలోనూ ఉంటారు.

అయితే నాన్నగారికి అబద్ధం చెప్పకండి. మీరు కనిపెట్టేది మీ జీవితకాలంలో ఏ ఆస్పత్రికీ చేరకపోవచ్చు. గ్రాంటు దరఖాస్తుల చివర అందరం "చెవుడు చికిత్సకు దారి" అని ఒక వాక్యం రాస్తాం, రాసేవాడికీ చదివేవాడికీ దాని బరువెంతో తెలుసు. మనుషుల్లో లోపలి చెవిలో శబ్దాన్ని పట్టే రోమకణాలు చస్తే తిరిగి మొలవవు. పక్షుల్లో మొలుస్తాయని 1988లో తేలింది. ఆ తేడా ఎందుకో పట్టుకుని మనుషులకు మందు చేయాలని అప్పటి నుంచి ప్రయత్నిస్తూనే ఉన్నారు. ఇంకా చేతికి రాలేదు. తెలుసుకోవడమే మీ పని. ఆ మాట ఆయనకు నేరుగా చెబితే వినేవారనే నాకనిపిస్తోంది.

డబ్బు గురించి త్వరగా. అమెరికాలో ఎన్‌ఐహెచ్ మొదటి ఏడాది పోస్ట్‌డాక్‌కు పెట్టిన కనీస స్థాయి 2024లో 61,008 డాలర్లు. మన లెక్కలో పెద్ద మొత్తమే, బోస్టన్ అద్దెల ముందు కాదు. జర్మనీలో ప్రభుత్వ జీత పట్టికలో ఈ13 అనే మెట్టు మీద వేస్తారు, పన్ను కోత ఎక్కువే అయినా ఆరోగ్య బీమా అందులోనే వస్తుంది. గమనించాల్సింది కాంట్రాక్టు గడువు. అక్కడి చట్టం పీహెచ్‌డీ తర్వాత తాత్కాలిక ఉద్యోగాలను మామూలుగా ఆరేళ్లకు కట్టేస్తుంది. గబ్బిలం పనికి రెండేళ్ల కాంట్రాక్టు సరిపోదు. మూడేళ్లు అడగండి. ఇవ్వలేమంటే, పొడిగింపు ఏ డబ్బుతో ఇస్తారో అడగండి.

సొంత ఫెలోషిప్ తెచ్చుకుంటే ల్యాబ్‌లో మీ మాటకు విలువ వస్తుంది. హ్యూమన్ ఫ్రాంటియర్ సైన్స్ ప్రోగ్రామ్‌లో జీవశాస్త్రం బయటి నుంచి వచ్చేవాళ్ల కోసమే ఒక విభాగం ఉంది, అది మీలాంటివారికే. యూరోపియన్ యూనియన్ ఇచ్చే మేరీ క్యూరీ ఫెలోషిప్‌కు ఏటా సాధారణంగా సెప్టెంబరులో గడువు. ఒక మెలిక గుర్తుంచుకోండి: గడువు తేదీకి ముందు మూడేళ్లలో ఆ దేశంలో పన్నెండు నెలలు మించి ఉండకూడదు. అంటే చేరిన మొదటి ఏడాదిలోనే రాయాలి, స్థిరపడ్డాక చూద్దాంలే అనుకుంటే పోతుంది. అమెరికాకే వెళితే ఎన్‌ఐహెచ్ ఇచ్చే కె99 అనే గ్రాంటు ఉంది, విదేశీయులూ రాయవచ్చు, కానీ పోస్ట్‌డాక్ మొదలై నాలుగేళ్లు దాటకూడదు.

తిరిగి రావడం గురించి: ఉద్యోగాలు తక్కువ, ఉన్నవి చాలా నెమ్మదిగా కదులుతాయి. వినికిడి మెదడు మీద పనిచేసేవాళ్లు దేశంలో వేళ్ల మీద లెక్కపెట్టేంతే. మానేసర్‌లోని జాతీయ మెదడు పరిశోధన కేంద్రం ఎన్‌బీఆర్‌సీలో, పుణె ఐసర్‌లో పాడే పక్షుల మీద పని ఉంది, ఖరగ్‌పూర్ సంగతి చెప్పాను. తక్కువమంది ఉండటం మీకు మంచిదీ చెడ్డదీ కూడా. హైదరాబాద్ కేంద్రంగా నడిచే ఇండియా అలయన్స్ ఫెలోషిప్పులు, తిరిగొచ్చేవారికి కేంద్ర బయోటెక్నాలజీ విభాగం (డీబీటీ) ఇచ్చే రామలింగస్వామి ఫెలోషిప్ చాలామందికి మొదటి మెట్టయ్యాయి. ఇక్కడ మళ్లీ గబ్బిలానికే ఓటు వేస్తాను. ఎలుకల కార్టెక్స్‌లో అమెరికా ల్యాబుల డబ్బుతో ఇక్కడి నుంచి పోటీపడటం కష్టం. గబ్బిలాలు మన గుళ్లలో, పాడుబడ్డ కోటల్లో, బావుల్లో ఉన్నాయి. మ్యూనిక్ నుంచి గెర్హార్డ్ నాయ్‌వైలర్ 1980లలో మధురై వచ్చి అక్కడి కామరాజ్ యూనివర్సిటీవాళ్లతో కలిసి పనిచేసింది అందుకే. మన దగ్గరుండే మెగాడెర్మా లైరా అనే గబ్బిలం ఎలుకలు, కప్పలు కదిలే చిన్న చప్పుడు వినే వాటిని పట్టుకోగలదు. దాని మెదడు గురించి తెలియనిది ఇంకా బోలెడు. అటవీశాఖ అనుమతులకు చెప్పులరుగుతాయి, అది వేరే సంగతి.

అమ్మగారి ప్రశ్నకు నా దగ్గర శాస్త్రీయమైన జవాబు లేదు. వచ్చే సంబంధాలవాళ్లకు రాత్రిళ్లు గబ్బిలాలతో పని అని ముందే చెప్పండి, జల్లెడ బాగా పనిచేస్తుంది.

ఇక ఈ వారం చేయాల్సినవి. రెండు ల్యాబుల వెబ్‌సైట్లలో గత పదేళ్లలో వెళ్లిపోయిన పోస్ట్‌డాక్‌ల పేర్లు తీయండి. బాగా పైకొచ్చినవాళ్లను ప్రొఫెసర్లే చూపిస్తారు, పేపర్ లేకుండా వెళ్లినవాళ్లను మీరే వెతికి పట్టుకోవాలి. ఫోన్‌లో మాట్లాడండి, ఈమెయిల్‌లో ఎవరూ నిజం రాయరు. సెలవు అడిగితే ఎలా స్పందిస్తారు, రికార్డింగ్ సెటప్ పాడైతే ఎవరు బాగుచేస్తారు, వెళ్లేటప్పుడు ప్రాజెక్టు వెంట తీసుకెళ్లనిచ్చారా అని అడగండి. జర్మనీ ప్రొఫెసర్‌ను మాత్రం నేరుగా మూడు అడగాలి: ఇప్పుడు కాలనీలో శిక్షణకు సిద్ధంగా ఉన్న గబ్బిలాలెన్ని, ఉన్న అనుమతిలో మీ పేరు చేర్చగలరా లేక కొత్తగా పెట్టాలా, సర్జరీ మీకు ఎవరు నేర్పుతారు. మూడో దానికి "చూసి నేర్చుకుంటావులే" అని వస్తే అది నాకు ఒప్పుకోదగ్గ జవాబు కాదు. జంతువుకూ కాదు.

వైవా తేదీ ఇంకా రాలేదు కాబట్టి చేరే తేదీ ఎవరికీ గట్టిగా ఇవ్వకండి. డిగ్రీ సర్టిఫికెట్ లేకుండా జర్మన్ వీసా కాగితాలు కదలడం కష్టం, మన యూనివర్సిటీల్లో ప్రొవిజనల్ చేతికి రావడానికి ఎంత పడుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. సంతకమైన కాంట్రాక్టు ఇంటికి చేరేదాకా అమెరికావాళ్లకు కాదని రాయకండి. ఇంకొంత గడువు కావాలని మర్యాదగా రాయండి, ఇస్తారు.